మూగ ప్లేటుకు సుద్ద గుర్తు

నాతో మాట్లాడాలంటే ఎదురుగా వచ్చి నిలబడాలి. వెనక నుంచి పిలిచి, నేను పలకలేదని, ఈ ముసలాయనకు ఎంత పొగరో అని మా వీధిలో చాలామంది అనుకున్నారు. అనుకోనీ. పొగరు లేదని నేనూ అనను. కానీ పలకకపోవడానికి కారణం పొగరు కాదు, చెవులు. ఆ చెవులు ఎలా పోయాయో, పోయాయని చెప్పుకోలేక నేను చేసిన పని ఏమిటో ఇన్నేళ్ళకు రాస్తున్నాను. ఐటీఐ ముగించి, సంచిలో కొత్త బూట్లు పెట్టుకుని ఫౌండ్రీ గేటు ముందు నిలబడే మీలాంటి వాళ్ళు చదువుతారని రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను. మా కంపెనీ పేరు, అందులో మనుషుల పేర్లు ఏవీ అడగొద్దు.

మాది కర్ణాటకలో తెలుగు మాట్లాడే చింతామణి తాలూకా, బట్లహళ్ళి దగ్గర పల్లె. సేద్యం ఇల్లు. బోర్లు ఒకదాని తర్వాత ఒకటి ఎండిపోయాక నేను చిక్కబళ్ళాపురం బయట ఉన్న ఒక ఉక్కు ఫౌండ్రీలో చేరాను. నేను పనిచేసిన చోటును ఫెట్లింగ్ షాపు అనేవాళ్ళు. అచ్చులో పోత పోసి, అచ్చు పగలగొట్టి బయటికి తీసిన ముక్క మీరు అనుకున్నంత అందంగా ఉండదు. కరిగిన ఉక్కు లోపలికి పోయిన దారులు కొమ్ముల్లా అతుక్కుని ఉంటాయి. పైన రైజర్ అనే మొద్దులు ఉంటాయి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట అంచు వెంబడి పొర వేలాడుతుంటుంది. వాటిని కోసి, చెక్కి, రుద్ది సాపు చేయడం మా పని. పోత పోసేవాళ్ళను చూడ్డానికి బెంగుళూరు నుంచి పెద్దమనుషులు వచ్చేవాళ్ళు. మా షాపు వైపు దుమ్ముకు భయపడి ఎవరూ తిరిగి చూసేవాళ్ళు కాదు.

మేం ఎక్కువగా చేసింది కంకర క్రషర్లకు వేసే జా ప్లేట్లు. పేరేసంద్ర వైపు హైవే మీద పోతే పక్కన తెల్లటి దుమ్ము లేచే క్రషర్లు మీరు చూసే ఉంటారు. ఆ క్రషర్‌కు రెండు దవడలు ఉంటాయి. బండరాయిని నడుమ పెట్టుకుని నమిలేస్తాయి. ఆ దవడలకు తొడిగే పళ్ళపలకే జా ప్లేటు. దాన్ని మాంగనీసు ఉక్కుతో పోస్తారు. ఎంత దెబ్బయినా తింటుంది కానీ, తర్వాత కోసేటప్పుడు వేడి ఎక్కువ తగిలితే ఆ చోట పెళుసు బారి, వెంట్రుకంత పగులు వేస్తుంది. ఆ పగులు కంటికి కనిపించదు. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా షాపుకు ప్లాస్మా కట్టర్ వచ్చింది. అంతకుముందు గ్యాస్‌తో కోసేవాళ్ళం, ముక్క సగం ఎర్రగా కాగేది. ప్లాస్మా అలా కాదు. గాలిని కరెంటు మంటగా మార్చి, సన్నగా, గబగబా కోసేస్తుంది. వేడి పక్కకు పాకే లోపల పని అయిపోతుంది. దాన్ని నా చేతికిచ్చారు. మూడు రోజులు నేర్పడానికి వచ్చినాయన వెళ్ళిపోతూ రెండు మాటలు చెప్పాడు. ఒకటి, ముక్క ఒంటికి ఆనించి కోయొద్దు, వేలు మందం వదిలి కోయి, మిగతాది గ్రైండర్‌తో కొంచెం కొంచెంగా రుద్దించు. రెండు, చెవుల్లో బిరడాలు పెట్టుకో.

మొదటిది చాలావరకు పాటించాను. రెండోది పాటించలేదు. ఆ మిషన్ అరుపు మామూలు అరుపు కాదు, కపాలంలో రంపం పెట్టినట్టు ఉండేది. కానీ మంట లోహాన్ని దాటి అవతలికి పోయిందా లేదా అనేది ఆ అరుపులోనే తెలుస్తుంది. దాటగానే గొంతు మారుతుంది. చూపుతో పని లేకుండా చెవితో కోస్తానని నాకు గొప్ప. బిరడాలను అంగీ జేబులో పెట్టుకుని తిరిగాను. సేఫ్టీ ఆఫీసర్ వచ్చినప్పుడు మాత్రం చెవుల్లో ఉండేవి. కళ్ళకు నల్ల అద్దాలు, చేతులకు తోలు తొడుగులు, ఛాతీకి తోలు ముక్క, అన్నీ పద్ధతిగా వేసుకునేవాణ్ణి. చెవులు మాత్రం ఊరికే వచ్చినవి అనుకున్నాను.

మా షాపులో ఇంకొక పద్ధతి ఉండేది. సాయంత్రం నాలుగు గంటలకు మిషన్లన్నీ ఆపేసేవాళ్ళం. ఆ రోజు తయారైన ప్లేట్లను ఒక్కొక్కటిగా గొలుసుకు వేలాడదీసి, చిన్న సుత్తితో మూడు చోట్ల కొట్టి వినాలి. బాగున్న ప్లేటు కొట్టగానే మోగుతుంది, ఆ మోత చివర సన్నటి తీగలాంటి శబ్దం చాలాసేపు నిలుస్తుంది. లోపల పగులు ఉంటే ఆ తీగ తెగిపోతుంది. మొదటి మోత ఎవరికైనా వినిపిస్తుంది. ఆ చివరి తీగను పట్టుకోవడమే కష్టం. బాగుంటే 'పలుకుతాండాది' అనేవాళ్ళం, పగులుంటే 'మూగది'. పలికిన ప్లేటు మీద సుద్దతో గుర్తు వేస్తే అది లారీ ఎక్కుతుంది. పెద్ద కంపెనీల్లో దీనికి యంత్రాలు ఉంటాయట. మాకు ఉన్నది ఒక అయ్యవారు.

ఆయన నంది అనే ఊరివాడు. వాళ్ళది తరతరాలుగా గుడి సేవ చేసిన కుటుంబం. అన్నదమ్ములు ఎక్కువై గుడిలో ఆయన వంతు రాక, మా ఫౌండ్రీలో స్టోరు గుమాస్తాగా చేరాడు. ఒకరోజు షాపు పక్కగా పోతూ, ఎవరో కొట్టిన ప్లేటు మోత విని, "అది పలకలేదప్పా, ఇంకోసారి కొట్టు" అన్నాడట. పగలగొట్టి చూస్తే లోపల పగులు. అప్పటి నుంచి సుత్తి ఆయన చేతికి వచ్చింది. నేను ప్లాస్మా ఎత్తితే చాలు, చెవుల్లో నూనెలో ముంచిన దూది పెట్టుకుని బయటికి నడిచేవాడు. "గొంతు కోస్తాంటే అరిచినట్ల అరుస్తాది నీ మిషను. నీ చెవులు ఇనపవేమప్పా?" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. అయ్యవారి దూది అని షాపంతా ఎగతాళి చేసేవాళ్ళం. ఎగతాళికి పెద్దను నేనే.

ఆ దూదిని ఎగతాళి చేయనిది షాపులో ఒక్క ఆడమనిషే. బాగేపల్లి దగ్గర నుంచి వచ్చేది. కాంట్రాక్టు మీద, అచ్చుల లోపల పెట్టే ఇసుక దిమ్మెలు చేయడానికి చేరింది. గ్రైండర్ పట్టే మనిషి చెప్పకుండా మానేస్తే, రెండు రోజులకని ఆమెకు గ్రైండర్ ఇచ్చారు. ఆ రెండు రోజులు ఐదేళ్ళయింది. నేను కోసి వదిలిన వేలు మందాన్ని ఆమె రుద్ది సాపు చేసేది. తలకు, చెవులకు, మూతికి కలిపి మందంగా గుడ్డ చుట్టుకుని, కళ్ళద్దాలు పెట్టుకుంటే ఆమె ముఖం ఏమీ కనిపించేది కాదు. మాట తక్కువ. సంగటి తినేటప్పుడు కూడా అయ్యవారి సుత్తి గురించే ఏదో ఒకటి అడిగేది. నాలుగింటికి మిషన్లు ఆగితే అందరూ బీడీలకు, కాఫీకి పరుగెత్తేవాళ్ళు. ఆమె మాత్రం గుడ్డ విప్పి, అక్కడే కూర్చుని, అయ్యవారు కొట్టే ప్రతి ప్లేటునూ వినేది.

అయ్యవారికి అరవై నిండాయి. వెళ్ళే ముందు మేనేజర్ దగ్గర చేతులు కట్టుకుని చెప్పాడు. "సార్, నా జాగాలో ఆయమ్మను పెట్టండి. చెవి నాకన్నా బాగుండాది." మేనేజర్ బెంగుళూరు మనిషి, మర్యాదస్తుడే. ఆయన కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. కాంట్రాక్టు కూలి మనిషి, అందులోనూ ఆడమనిషి, పరీక్ష కాగితం మీద సంతకం పెడుతుందా? అక్కడున్న వాళ్ళమంతా నవ్వాం. ఆమె గ్రైండర్ రాయి మారుస్తూ ఉంది, వినే ఉంటుంది. ఆ పని నాకిచ్చారు. కోసేవాడివీ నువ్వే, వినేవాడివీ నువ్వే అన్నారు. సీనియర్‌ని కదా.

అప్పటికే నా చెవుల మీద నాకు అనుమానం ఉండేది. కొత్తగా కొన్న సెల్‌ఫోన్ నా అంగీ జేబులోనే కూస్తుంటే బస్సులో పక్కవాడు చెప్పాల్సి వచ్చేది. చెవిలో దుమ్ము పేరుకుందని గోరువెచ్చటి నూనె పోయించుకున్నాను. దుమ్మే అయితే ఎంత బాగుండేది! సుత్తి చేతికి వచ్చిన మొదటి సాయంత్రం నాలుగు ప్లేట్లు కొట్టాను. మొదటి మోత వినిపించింది. చివరి తీగ ఒక్కదానికీ వినిపించలేదు. నాలుగూ మూగవే అంటే ఎవరూ నమ్మరు. రెండింటికి గుర్తు వేసి, రెండింటిని పక్కన పెట్టించాను. ఆ రెండింటినీ పగలగొట్టి చూశారు. శుభ్రంగా ఉన్నాయి. మేనేజర్ పిలిచి, ఇంకోసారి ఇలా అయితే సుత్తి తీసేసుకుని ఉత్త కోతకే ఉంచుతాను అన్నాడు. ఆ రోజు బస్సులో ఇంటికి పోతూ నేను ఒక మాట ఒప్పుకున్నాను. నాకు వినపడదు. ఇంట్లో వాళ్ళకు కూడా చెప్పలేదు.

మరుసటి సాయంత్రం ప్లేటు కొట్టి, ఏం చేయాలో తెలియక సుద్ద పట్టుకుని నిలబడ్డాను. తల ఎత్తితే ఎదురుగా ఆమె. గుడ్డ విప్పుకుని కూర్చుని ఉంది. నన్నే చూస్తూ గడ్డం కొంచెం పైకెత్తింది. అంతే. నేను సుద్దతో గుర్తు వేశాను. రెండో ప్లేటు కొట్టాను, మళ్ళీ గడ్డం ఎత్తింది. మూడోదానికి తల అడ్డంగా ఊపింది. దాన్ని పక్కన పెట్టించాను. పగలగొట్టి చూస్తే రైజర్ కింద వేలెడు పగులు. మేనేజర్ నా భుజం తట్టాడు.

అలా రెండేళ్ళు గడిచాయి. ఆమె ఎప్పుడు కనిపెట్టిందో నాకు తెలియదు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మా చేనులో వేరుశనగ వస్తే ఒక సంచి తెచ్చి ఆమె గ్రైండర్ పక్కన పెట్టేవాణ్ణి. అదే నేను చేసిన మర్యాద. నీవల్లే నా పని నిలబడింది అని ఒక్కసారి, ఒక్కసారి కూడా నోరు తెరిచి అనలేదు. అంటే అది నిజమైపోతుందని భయం. ఆమె రజా పెట్టి పనికి రాని రోజు నేను ఏదో వంక చెప్పి పరీక్ష మరుసటి రోజుకు తోసేసేవాణ్ణి.

మనుషులకు కళ్ళుంటాయి కదా. సుత్తి ఇక్కడ కొట్టి చూపు అక్కడ పెడతాడేమిటని మాటలు మొదలయ్యాయి. మా సూపర్‌వైజర్ చింతామణి మనిషి, కోమట్ల ఇంటి పిల్లవాడు, చెడ్డవాడు కాదు కానీ నోటికి అదుపు లేదు. ఒకరోజు పొద్దున గేటు దగ్గర నలుగురి ముందు అనేశాడు. "ఏమప్పా, సుత్తి ప్లేటు మీద, కన్ను ఆయమ్మ మీదా? ఈ వయసులో బాగానే పలుకుతాండావే!" నలుగురూ పగలబడి నవ్వారు. ఆమె వెనకే వస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది. యాభై దాటిన మనిషిని, పెళ్ళీడు కూతురు ఉన్నవాణ్ణి. నిజం చెబితే ఆ నవ్వు అక్కడే ఆగిపోయేది. 'నాకు వినపడదు, ఆమె వింటుంది' అనాలి, అంతే. ఆ మాట కన్నా ఆ నవ్వే నయమనిపించింది.

ఆ రోజే అది జరిగింది.

పేరేసంద్ర దగ్గర ఒక క్రషర్ వాళ్ళ లారీ మధ్యాహ్నం నుంచి కాచుకుని ఉంది. ఒక జత జా ప్లేట్లు అర్జెంటుగా కావాలి, పాతవి అరిగిపోయి క్రషర్ ఆపుకుని కూర్చున్నారు. ఆ తొందరలో నేను రెండో ప్లేటు రైజర్‌ను వేలు మందం కూడా వదలకుండా కోశాను. గ్రైండింగ్‌కు పట్టే టైము మిగులుతుందని. మిగిలిన కొంచెం ఆమె రుద్దింది. ఆమెను కూడా తొందరపెట్టాం. మూడున్నరకే మిషన్లు ఆపించి ప్లేట్లు వేలాడదీశారు. సూపర్‌వైజర్ నా పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదటి ప్లేటు కొట్టాను. ఆమె గడ్డం ఎత్తింది. గుర్తు వేశాను. రెండోది కొట్టాను. తల అడ్డంగా ఊపింది. చోటు మార్చి కొట్టాను. మళ్ళీ ఊపింది. మూడోసారి కొట్టేసరికి ఆమె లేచి నిలబడింది. నేను తప్పుగా చూశానేమోనని, నిదానంగా, అటూ ఇటూ, చిన్నపిల్లలకు చెప్పినట్టు తల ఊపింది. నా చూపు వెంట సూపర్‌వైజర్ కూడా అటు చూశాడు. మూతి వంకర చేసి నవ్వాడు.

"ఏమప్పా, ఆయమ్మను అడిగి చెప్తావా? పలుకుతాండాదా లేదా?"

నాకు ఒళ్ళు మండింది. ఎవరి మీద మండిందో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తుంది కానీ అప్పుడు తెలియలేదు. ఆమె వైపు వీపు తిప్పాను.

"పలుకుతాండాది," అన్నాను. సుద్దతో పెద్ద గుర్తు వేశాను. అదిమిన అదుముకు సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే గుర్తు పూర్తి చేశాను. లారీ వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున క్రషర్‌కు ఫోన్ చేసి ఆ ప్లేటు తొడగొద్దు అని చెబుదామనుకున్నాను. ఏమని చెప్పాలి? అన్ని ప్లేట్లూ పగలవు, ఇదీ నిలుస్తుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మరుసటి రోజూ అదే చెప్పుకున్నాను.

మూడో రోజు అక్కడి నుంచే ఫోన్ వచ్చింది. ప్లేటు రెండు ముక్కలైంది. ముక్క బండరాళ్ళ మధ్య ఇరుక్కుని క్రషర్ ఆగితే, దాన్ని లాగడానికి పనివాడొకడు లోపలికి చేయి పెట్టాడు. ముక్క జారింది. చేయి మణికట్టు దాకా నలిగిపోయింది. చిక్కబళ్ళాపురం ఆస్పత్రిలో చూసి, బెంగుళూరుకు పంపించారట. చేయి తీసేశారని తర్వాత తెలిసింది.

విరిగిన ముక్కను తెప్పించి మేనేజర్ బల్ల మీద పెట్టారు. విరిగిన అంచంతా కొత్తగా మెరుస్తోంది. రైజర్ కోసిన చోట బొటనవేలంత మేర మాత్రం నల్లగా ఉంది. అంటే అది పాత పగులు, మా షాపులోనే పడిన పగులు. అది నా ప్లాస్మా మంట వేడికి వచ్చిందో, ఆమె రాయి వేడికి వచ్చిందో ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నేను ఎంత దగ్గరగా కోశానో నాకు తెలుసు. సూపర్‌వైజర్ మాత్రం గట్టిగా చెప్పాడు. "గ్రైండింగ్ వేడి సార్. ఒకేసారి అదిమి రుద్దింటారు."

ఆమెను పిలిపించారు. లోపలికి రాకుండా వాకిలి దగ్గరే నిలబడింది. మేనేజర్ కన్నడంలో అడిగితే ఆమె తెలుగులో జవాబిచ్చింది.

"నేను రుద్దింది నిజమే సార్. ఆ ప్లేటు పలికిందా లేదా అని ఈ అప్పను అడగండి."

ఆమె ఆ ఒక్క మాటే అంది. తల ఊపిన సంగతి చెప్పలేదు. రెండేళ్ళ సంగతి చెప్పలేదు. చెప్పాల్సింది నేనని నాకు వదిలిపెట్టింది. మేనేజర్ నా వైపు తిరిగాడు. నువ్వు కొట్టినప్పుడు పలికిందా అన్నాడు.

మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులవి, పని పోతే ఎట్లా అనుకున్నాను. చెవిటివాడు ప్లేట్లు విన్నాడని ఫౌండ్రీ అంతా నవ్వడం కళ్ళ ముందు కనిపించింది. చేయి పోయిన మనిషి మాత్రం కనిపించలేదు, నిజంగా చెబుతున్నాను.

"పలికింది సార్," అన్నాను.

పరీక్ష అయిన తర్వాత ఎక్కడో దెబ్బ తగిలి ఉండొచ్చు, లేదా గ్రైండింగ్ వేడికి నిదానంగా పగిలి ఉండొచ్చు అని కాగితం రాశారు. కాంట్రాక్టర్‌కు చెప్పి ఆమెను మరుసటి రోజు నుంచి రావద్దన్నారు. అందరూ చేతులు దులుపుకున్నారు.

సాయంత్రం గేటు దగ్గర ఆమె నా కోసం నిలబడి ఉంది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది. తలకు చుట్టుకునే గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని, నాకు బాగా వినపడేలా దగ్గరికి వచ్చి అడిగింది.

"ఇంక రేపట్నుంచి ఎవుర్ని చూసి కొడ్తారప్పా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే దిగులు పడుతోంది. బాగేపల్లి బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది.

నాలుగు రోజులు కొట్టాను. అన్నీ మూగవే అని పక్కన పెట్టించాను. ఆమె కూర్చునే చోట ఎవరో కొత్త మనిషి గ్రైండర్ పట్టుకుని ఉన్నాడు, నా వైపు చూడను కూడా చూడడు. ఐదో రోజు సుత్తి మేనేజర్ బల్ల మీద పెట్టి, "నాకు వినపడదు సార్, రెండేళ్ళయింది, ఆ ప్లేటు మూగదని ఆమె చెప్పింది, నేనే వినలేదు," అన్నాను. ఆయన తలుపు మూసి రమ్మన్నాడు. కాగితం పైకి పోయింది, ఇప్పుడు మారిస్తే కంపెనీకి చెడ్డపేరు అన్నాడు. చివరికి "ఆయ్తు బిడప్పా," అన్నాడు కన్నడంలో. అయిపోయింది వదిలేయ్ అని. నన్ను స్టోరుకు మార్చారు. నెలనెలా వచ్చే సంబళం తగ్గలేదు. బెంగుళూరులో చెవి డాక్టరు గీతల కాగితం చూపించి, సన్నటి శబ్దాలన్నీ ఎప్పుడో పోయాయి, ఇక రావు అన్నాడు. ఆమెను మళ్ళీ తీసుకోమని కాంట్రాక్టర్‌ను అడిగాను. నీకెందుకంత బాధ అని కన్ను గీటాడు.

ఒక ఆదివారం నంది వెళ్ళి అయ్యవారికి జరిగిందంతా చెప్పాను. అరుగు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని విన్నాడు. "ఆయమ్మను పెట్టమంటి కదప్పా," అన్నాడు. "మీరంతా నవ్వితిరి." కాఫీ ఇచ్చి పంపించాడు. మళ్ళీ రమ్మనలేదు.

బాగేపల్లికి వెళ్ళడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ముఖం చెల్లలేదు. ఊరి బయట టొమోటాలు ఏరి పెట్టెలకు ఎత్తే షెడ్డులో ఉందని చెప్పారు. నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చింది. లోపల గోలగా ఉందని బయటికి తీసుకుపోయి, తన ముఖం మీద వెలుతురు పడేలా తిరిగి నిలబడింది. నేను పెదాలు చూసి అర్థం చేసుకోవాలని. అంతా చేశాక కూడా ఆ మనిషి అలా తిరిగి నిలబడింది. నాకు ఏడుపొచ్చింది. మేనేజర్‌తో నిజం చెప్పేశానని, ఆలస్యమైపోయిందని, క్షమించమని, దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా చెప్పాను.

ఆమె అంతా విని, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిదానంగా అంది.

"నాదేముండాదప్పా. నాకు చేతులుండాయి, యాడైనా చేసుకుంటా. చెయ్యి పోయినాయప్ప యాడుండాడు? కనుక్కుంటిరా?"

కనుక్కోలేదు. ఎనిమిది నెలల్లో నేను ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేసుకోలేదు. నా పని గురించి, నా పరువు గురించి, ఆమె గురించి ఏడ్చాను. చేయి పోయిన ఆయన నాకు ఒక ఫోన్ కబురు, అంతే.

అదే రోజు అక్కడి నుంచి బస్సెక్కి పేరేసంద్ర దగ్గర దిగి, క్రషర్‌కు నడిచాను. పనివాళ్ళంతా మారిపోయారు. ఉన్న ఒక్క పాత వాచ్‌మన్, "ఆస్పత్రి నుంచి వాళ్ళ ఊరికి తోలేసినారంట," అన్నాడు. ఏ ఊరని అడిగితే, "ఎవురికి తెలుసప్పా. ఉత్తరదేశం వాడు. మాకు వాని మాట అర్థమయ్యేది కాదు, వానికి మాది అర్థమయ్యేది కాదు. సైగ చేస్తే చేస్తాండె," అన్నాడు. ఆఫీసు గదిలో రాసిపెట్టింటారేమో అని అడిగాను. పాత పుస్తకాలు వానకు తడిసిపోయాయి అన్నారు. తర్వాత రెండు మూడుసార్లు ఆస్పత్రి దాకా కూడా పోయి వచ్చాను. ఆయనకు నేను ఏమవుతానని అడిగారు. ఏమని చెప్పను?

చెవుల్లో బిరడాలు పెట్టుకోండి అని చెప్పడానికి ఇదంతా రాయడం మొదలుపెట్టాను. పెట్టుకోండి, తప్పకుండా పెట్టుకోండి. ఎగతాళి చేసేవాళ్ళు చేయనీ.

మొదట్లో పేర్లు రాయనని చెప్పాను. అయ్యవారి పేరు, ఆమె పేరు, మేనేజర్‌ది, ఆ సూపర్‌వైజర్‌ది, అన్నీ నాకు తెలుసు, కావాలనే దాచాను. చేయి పోయిన ఆయన పేరు మాత్రం నేను దాచింది కాదు. నాకు తెలియదు.